పాటే ముందు నడిచింది

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాటల నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చయి ఉంటాయి. గుడిలో అయ్యగారు నంబరు చెప్పగానే ముందు వరుస చాపల మీద కూర్చున్న ముసలమ్మలు పుస్తకం తెరవరు. వాళ్లలో చాలామందికి అక్షరం రాదు. ముసుగు సర్దుకుని, కళ్లు మూసుకుని పల్లవి ఎత్తుకుంటారు. రెండో చరణం నాటికి డోలక్ వాళ్లను అందుకుంటుంది. తెలుగు క్రైస్తవుల భక్తి చరిత్రను మిషనరీల ఓడలతో మొదలుపెట్టడం వాడుక. నేను ఆ ముసలమ్మలతో మొదలుపెడతాను. ఈ విశ్వాసాన్ని ఇల్లిల్లూ తిప్పింది, నిలబెట్టింది పాటేనని నా నమ్మకం.

లండన్ మిషన్ వారు జార్జ్ క్రాన్, డెస్ గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగింది 1805లో. ఆ తర్వాత శామ్యూల్ డే 1840లో నెల్లూరు, రాబర్ట్ నోబుల్ 1841లో మచిలీపట్నం, హేయర్ 1842లో గుంటూరు చేరారు. వాళ్లు తెలుగు నేర్చుకున్నారు, బళ్లు పెట్టారు, సువార్తలు అనువదించారు. కాని ఆ తొలి అనువాదాల వచనం కూలినాలి చేసుకునేవాడి నోట పలికేది కాదు. ఆ లోటు తీర్చినవాడు 1803లో పుట్టిన బ్రాహ్మణుడు పురుషోత్తమ చౌదరి. 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, 1890లో కన్నుమూసేదాకా తెలుగులో కీర్తనలు కట్టారు. పల్లవి, అనుపల్లవి, చరణాలు అన్నీ మన సంప్రదాయం ప్రకారమే. ఆయన యౌవనంలో తిరువయ్యారులో త్యాగయ్య ఇంకా పాడుతూనే ఉన్నారు. ఒకే భాషలో, ఒకే రాగాల్లో, ఇద్దరు వేర్వేరు ప్రభువులను పిలిచిన కాలమది. దీన్ని తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

పాట పల్లెకు చేరింది ఒంగోలు సీమలో. యెర్రగుంట్ల పేరయ్య మాదిగవాడు, తోళ్ల వ్యాపారి. క్రీస్తు మాట వినకముందే రాజయోగ గురువుల దగ్గర సాధన చేసినవాడు. రాత్రిపూట దీపం చుట్టూ కూర్చోవడం, తత్త్వాలు పాడుకోవడం, గురువు మాట వినడం ఆ పేటల్లో ముందునుంచీ ఉన్నదే. 1866లో మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చాక అదే దీపం చుట్టూ యేసు కథ చేరింది. 1876 నుంచి 1878 దాకా కరువు మండింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించారు. తిండికోసం చేరారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ అంకెను అందరూ చెబుతారు. మర్నాటి సంగతే తక్కువమంది చెబుతారు. కొత్తగా చేరినవాళ్లు చచ్చిన గొడ్డు మాంసం మానాలి, ఊరి దేవత జాతరలో డప్పు కొట్టకూడదు, ఆదివారం పనికి పోకూడదు. మూడూ ఊరి ఆసాములకు కంటగింపయ్యాయి. వెట్టి చేసేవాడు వారంలో ఒక రోజు నాది అనడం ఆ ఊళ్లలో అంతకుముందు ఎవరూ వినని మాట. ఇవాళ మనం ఇస్త్రీ చీర కట్టుకుని, బైబిలు సంచి భుజాన వేసుకుని వెళ్లే ఆదివారం అలా దెబ్బలు తిని సంపాదించుకున్నది. ఆ సంఘాలకు ఎంత సత్తువ వచ్చిందంటే, చెరకు తోటల్లోకి, తేయాకు తోటల్లోకి కూలికి పోయిన తెలుగువాళ్లకు కాపరిగా జాన్ రంగయ్యను 1903లో దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు తామే పంపుకున్నాయి.

ఇంటిలోపలి భక్తిని కట్టింది ఆడవాళ్లు. బైబిలు స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి పాట నేర్పారు, ఆ పాట చదువుకోవడానికి అక్షరం నేర్పారు. 1883లో అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చి వైద్యం మొదలుపెట్టాక, పేటల నుంచి వచ్చిన ఆడపిల్లలు నర్సమ్మలయ్యారు. జీతం తెచ్చే కూతురు, రాత్రి కుటుంబ ప్రార్థన నడిపే తల్లి, ఎసరు పెట్టేముందు ప్రభువు పేర పిడికెడు బియ్యం విడిగా తీసే నాయనమ్మ. నాకు తెలిసిన క్రైస్తవ ఇల్లు ఇది.

మందిరాలు ఆ తర్వాత లేచాయి. 1912లో దోర్నకల్ బిషప్పయిన అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. ఆయన కట్టించిన కెథడ్రల్‌లో మసీదు గుమ్మటాల పోకడ, కోవెల స్తంభాల పోకడ కలిసి కనిపిస్తాయి. మిషనరీ పాస్నెట్ దొర మెదక్‌లో కట్టిన రాతి చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరుపుకుంది. విజయవాడ గుణదల కొండమీద మరియమాత విగ్రహం నిలిచిందీ ఆ ఏడే. ఫిబ్రవరి ఉత్సవాలకు కొండెక్కి తలనీలాలిచ్చే వాళ్లలో క్రైస్తవులు కానివాళ్లూ లెక్కకు మిక్కిలి.

పంజాబు నుంచి వచ్చిన భక్తసింగ్ 1950లో హైదరాబాద్‌లో హెబ్రోను అనే ప్రార్థనా మందిరం స్థాపించి మరో పోకడ తెచ్చారు. బెంచీలు లేవు. చెప్పులు బయట, అందరూ కింద. ఏటా మహాసభలకు వేలమంది, కులం అడగకుండా, ఒకే బంతిలో ప్రేమ విందు భోంచేశారు. సీయోను గీతాలనే వాళ్ల పాటలు ఆ బంతిలోంచే ఊళ్లకు వెళ్లాయి.

అదే 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేకుండా చేసింది. వాళ్లు ఆంధ్రలో బీసీ-సి అయ్యారు. గుడిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు మోసే ఇళ్లు అందుకే వచ్చాయి. వాళ్లను కపటులని నిందించేవాళ్లతో నేను ఏకీభవించను. పేటలో వెలి అలాగే ఉంది, కాగితం మీద మాత్రం వాళ్ల కులం చెరిగిపోయింది.

1978లో ‘కరుణామయుడు’ సినిమా వచ్చాక, అందులో యేసుగా నటించిన విజయచందర్ ముఖమే చాలా పల్లెలకు యేసు ముఖమైంది. తర్వాత క్యాసెట్లు, ఆ తర్వాత యూట్యూబు. గుంటూరు హోసన్నా మినిస్ట్రీస్ వారి కొత్త పాటల కోసం ఏటా కొత్త సంవత్సరానికి జనం ఎదురుచూస్తారు. డిసెంబరంతా సెమీ క్రిస్మస్‌లు, ముప్పై ఒకటో తేదీ రాత్రి వాగ్దాన కార్డులు. ఇప్పటి పాటల్లో ‘నేను’ ఎక్కువ, ‘మేము’ తక్కువ. కీబోర్డు హోరులో ముసలమ్మల గొంతు వినిపించదు. ఇది నాకు బాధే. అయితే అద్దె గదిలో ఒంటరిగా ఉండే పిల్లకు రాత్రి తోడుండేది ఫోనులోని ఆ ‘నేను’ పాటే. దాన్ని తీసిపారేయలేను.

ఈస్టర్ ముందు రోజుల్లో సమాధులకు సున్నం వేస్తారు. తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని అక్కడికి వెళతారు. అక్కడ కరెంటు ఉండదు, మైకు ఉండదు. ఏదో ఒక ఇంటి పెద్దావిడ పాత కీర్తన పల్లవి ఎత్తుకుంటుంది. జీన్సు వేసుకున్న మనవరాలు ఒక మాట వెనకగా అందుకుంటుంది. చరణం మధ్యలో మాటలు తప్పితే పెద్దావిడ ఆగి, మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంటుంది.