ఆకాశంలో గాలి లెక్క

నారాయణఖేడ్ తాలూకా కచేరీలో నేను గుమస్తాగా చేరిన రోజుల్లో విమానమంటే తలెత్తి చూసేదే గాని ఎక్కేది కాదు. ఇప్పుడు మన సంఘ సభ్యులలో చాలామంది బిడ్డల దగ్గరకు శంషాబాద్ నుంచి అమెరికాకు, గల్ఫ్ దేశాలకు పోయివస్తున్నారు. "అంత ఎత్తున మనం పీల్చే గాలి ఎక్కడి నుంచి వస్తుందండీ?" అని మా ఇంట్లో ఆవిడ అడిగితే ఒకనాడు జవాబు చెప్పలేకపోయాను. తరువాత చదివి తెలుసుకున్న సంగతులు మిత్రుల ముందు పెడుతున్నాను.

35 వేల అడుగుల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో సుమారు నాలుగో వంతు. అక్కడ ఆ గాలే పీలిస్తే నిమిషంలోపే మనిషికి సరిగా ఆలోచించే శక్తి పోతుంది. అందుకే క్యాబిన్‌లోకి గాలిని ఒత్తిడితో నింపుతారు. ఈ ఏర్పాటుతో ప్రయాణికులను చేరవేసిన మొదటి విమానం బోయింగ్ 307. 1940లో సర్వీసులోకి వచ్చింది. జెట్ విమానాలలో ఇంజను లోపల ఇంధనం కలవకముందే వేడిగాలి కొంత మళ్ళించి, చల్లార్చి లోపలికి పంపుతారు. దీనినే బ్లీడ్ ఎయిర్ అంటారు.

1989లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఎ320 విమానాలను తెచ్చింది. వీటిలో ఈ గాలిని కనిపెట్టి ఉండటానికి రెండు కంప్యూటర్లున్నాయి. ఒకటి చెడిపోతే రెండవది చాలావరకు దాని పని చూస్తుంది. మన కచేరీలో ఒకరు సెలవు పెడితే పక్క సీటు గుమస్తా ఇన్‌చార్జి తీసుకున్నట్లే. అయితే ఇన్‌చార్జి గుమస్తాకు అన్ని ఫైళ్ళూ అందవు గదా! అలాగే వేడిగాలి లీకు హెచ్చరికలు కొన్ని అందకుండా పోతాయి. అప్పుడు ఒక పైలట్ విమానం నడుపుతుంటే, రెండవవారు తెరమీద వచ్చిన సూచనలు చదువుతూ ఒక్కొక్కటే అమలు చేస్తారు. ఒక ఇంజను గాలి ఆగితే రెండవ ఇంజను గాలిని రెండు వైపులకూ మళ్ళిస్తారు. రెండూ ఆగి, మళ్ళీ రాకపోతే 10 వేల అడుగులకు దిగుతారు. అక్కడ బయటి గాలి పీల్చి బతకవచ్చు. ఇటువంటి లోపాలను నేలమీదే సిమ్యులేటర్‌లో కల్పించి పైలట్లకు తర్ఫీదు ఇచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ కేంద్ర శిక్షణ సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉండేదన్నది మనకు గర్వకారణం.

కాని యంత్రం బాగున్నా మనిషి ఏమరితే ముప్పే. 2005 ఆగస్టు 14న సైప్రస్ నుంచి ఏథెన్స్ బయలుదేరిన హీలియోస్ విమానంలో ఒత్తిడి స్విచ్ మాన్యువల్‌లోనే ఉండిపోయింది. మోగిన హెచ్చరికను సిబ్బంది మరొకటిగా పొరబడ్డారు. 121 మందీ మరణించారు. 2018 సెప్టెంబరు 20న ముంబయి నుంచి జైపూర్ బయలుదేరిన జెట్ ఎయిర్‌వేస్ విమానంలో బ్లీడ్ స్విచ్ వేయడం మరిచారు. 166 మంది ప్రయాణికులలో సుమారు 30 మందికి ముక్కు, చెవుల నుంచి రక్తం కారింది. విమానం వెనక్కి వచ్చి క్షేమంగా దిగింది.

సంతకం పెట్టేముందు ఫైలు మరొకసారి చూడమని మా పెద్ద గుమస్తాగారు చెప్పేవారు. ఆకాశంలోనూ అదే సూత్రం.

మనకు కూడా ఒక పని ఉంది. మాస్కులు కిందికి జారితే ముందు మీది పెట్టుకొని, ఆ తరువాతే మనుమడికి పెట్టండి. ప్రేమకొద్దీ ముందు వాడికి పెట్టబోయి మీరు స్పృహ తప్పితే ఇద్దరికీ దిక్కుండదు. విమానం కదిలేముందు ఎయిర్‌హోస్టెస్ ఈ మాటే చెబుతుంది. దయచేసి శ్రద్ధగా వినండి.