కడప – తిరుమల కొండకు గడప

మన సంఘం ప్రత్యేక సంచికకు ఊరి చరిత్ర మీద నాలుగు మాటలు రాయమని కార్యదర్శిగారు కోరారు. చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు గుర్తుకొస్తాయి. నాకు మాత్రం మన ఊరి పేరే ఒక పెద్ద చరిత్రగా తోస్తుంది. ఉద్యోగకాలమంతా ఆ పేరును కాగితాల మీద రాస్తూనే వచ్చాము. దాని అర్థం పిల్లలకు చెప్పినవాళ్లము మాత్రం తక్కువ.

కడప అంటే గడప. నిఘంటువుల్లో 'కడప' అన్న మాటకే ద్వారబంధం కింది అడ్డమాను అనే అర్థం ఉంది. మరి ఏ ఇంటికి ఈ గడప? తిరుమలకు. ఉత్తరం నుంచి, పడమటి నుంచి నడిచి వచ్చే యాత్రికులు ముందుగా దేవుని కడపలో లక్ష్మీ వేంకటేశ్వరస్వామిని సేవించుకొని, ఆ తర్వాత సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న తిరుపతికి సాగిపోయేవారు. గడప దాటకుండా ఇంట్లోకి పోలేము గదా!

దేవుని కడపలో స్వామిని కృపాచార్యులు ప్రతిష్ఠించారని స్థలపురాణం. ఆయన పేరు మీదనే కృపానగరం అన్నారని, అదే కడప అయిందని చెప్పేవారూ ఉన్నారు. పురాణం పురాణమే. కానీ 1408లో తాళ్లపాకలో పుట్టిన అన్నమాచార్యులు తిరుమల స్వామిని కీర్తించినట్లే ఈ కడపరాయని మీద కూడా సంకీర్తనలు రచించారు. అంటే ఆనాటికే ఈ పేరు, ఈ క్షేత్రం జనం నోట ఉన్నాయన్నమాట.

ఉత్తరాదిన హరిద్వారం ఉంది. అది వైష్ణవులకు హరిద్వారం, శైవులకు హరద్వారం. వాళ్లది ద్వారమైతే మనది గడప. ఇంట్లో పసుపు పూసి బొట్టు పెట్టేది గడపకే.

పాలకులు ఈ పేరు మార్చాలని చూడకపోలేదు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ సేనాని నేక్‌నామ్‌ఖాన్ ఈ పట్టణాన్ని పెంచి నేక్‌నామాబాద్ అన్నాడు. ఆ పేరు నిలవలేదు. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చిందే. ఆ చిన్నతనం పోగొట్టుకొని రాయలసీమ అని పిలుచుకోవడానికి 1928లో నంద్యాల సభ దాకా ఆగవలసి వచ్చింది. ఇంగ్లీషువారు మన ఊరి పేరును తమ నోటికి తగ్గట్టు సి-యు-డి-డి-ఏ-పి-ఏ-హెచ్ అని ఎనిమిది అక్షరాలతో రాశారు. మన నల్లబండలు కూడా ఆ స్పెల్లింగుతోనే దేశదేశాలు తిరిగాయి.

2005 ఆగస్టులో ప్రభుత్వం దాన్ని మన ఉచ్చారణకు సరిపోయే ఆరు అక్షరాలకు మార్చింది. సంతోషమే. కానీ నా సర్వీసు రిజిస్టరులో పాత స్పెల్లింగు, ఆధార్ కార్డులో కొత్త స్పెల్లింగు. ఒక కార్యాలయంలో ఈ రెండూ ఒకటే ఊరని రుజువు తెమ్మన్నారు! మీలో ఎందరికో ఇదే అనుభవం అయివుంటుంది. 2010లో జిల్లాకు వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారి పేరు పెట్టారు. కొన్నేళ్లు జిల్లా పేరులో కడప అన్న మాటే లేకపోయింది. 2025లో మళ్లీ వై.ఎస్.ఆర్. కడప జిల్లా అయింది.

ఇన్ని మార్పులు వచ్చినా జనం నోట కడప కడపగానే ఉండడానికి కారణం ఒక్కటే. ఈ పేరు ఏ ప్రభువూ పెట్టింది కాదు, దారిన పోయేవారు పెట్టింది. మన పొరుగు కర్నూలు కథ కూడా అంతే. అలంపురం గుడులకు రాళ్లు తోలే బండ్లవారు తుంగభద్ర దాటేముందు ఇరుసులకు కందెన వేసుకున్న చోటే కందనవోలు అయిందని పెద్దలు చెబుతారు.

అయితే 1871 నాటికి మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలుదారి పూర్తయింది. ఆ తర్వాత బస్సులు వచ్చాయి. యాత్రికులు రాత్రి నిద్రలోనే మన ఊరు దాటిపోతున్నారు. గడప ఉన్నచోటే ఉంది, ఆగేవారే తగ్గారు.

అయినా ఏటా ఉగాదినాడు దేవుని కడపకు వచ్చి చూడండి. ముస్లిం సోదరులు, ఆడబిడ్డలు కుటుంబాలతో వరుసలో నిలబడి ఉంటారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచని, స్వామి తమ ఇంటి అల్లుడని వారి నమ్మకం. రథసప్తమికి తేరు లాగేటప్పుడు వీధులు నిండిపోతాయి. గడప ఏ ఒక్కరిదీ కాదు, లోపలికి పోయే ప్రతివారిదీ అని ఈ ఊరు ఎప్పుడో తెలుసుకుంది.

బయట మన ఊరి పేరు చెబితే బాంబులు, కక్షలు గుర్తుచేసేవారున్నారు. అమెరికాలోనో బెంగుళూరులోనో ఉన్న మన పిల్లలు అది విని తలవంచుకోకూడదు. ఈసారి సెలవులకు వచ్చినప్పుడు మనవళ్లను, మనవరాళ్లను తిరుమలకు తీసుకుపోయేముందు ఒక పూట దేవుని కడపలో ఆపండి. మన ఊరి పేరుకు అర్థం అక్కడే చెప్పండి. మనము ఇవ్వగలిగిన ఆస్తుల్లో ఇదీ ఒకటి. దీనికి వీలునామా అవసరం లేదు, చెప్పే ఓపిక ఉంటే చాలు.