నేపుల్స్‌లో మన బొమ్మ, కొండాపూర్‌లో వాళ్ల నాణెం

బంధువులు సెలవులకు వస్తే మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మొదటి రోజు చార్మినార్, రెండో రోజు గోల్కొండ, ఓపికుంటే మూడో రోజు ఫిల్మ్ సిటీ. పటాన్‌చెరులో కాపురం ఉంటూ బండి ఎప్పుడూ హైదరాబాద్ వైపే తిప్పుతాం, సంగారెడ్డి వైపు తిప్పం. పోయినేడు ఇటలీ చూసొచ్చిన మా మరిది ఫోన్‌లో నేపుల్స్ ఫోటోలు చూపించాడు. నీలి సముద్రం, సందుల్లో దండేల మీద ఆరేసిన బట్టలు, స్కూటర్ల రద్దీ. చూపిస్తూ చూపిస్తూ, "మీ దగ్గరేముంది వదినా, ఫ్యాక్టరీలు తప్ప?" అన్నాడు. ఆ మాటకి నేను కూర వడ్డించి ఊరుకున్నాను కానీ, మా అమ్మాయి "అవును బాబాయ్, ఏమీ లేదు" అనడం మాత్రం మనసుకి పట్టింది. పుట్టిన చోట చూడ్డానికేమీ లేదనుకుంటూ పెరిగే పిల్లలు మన బెల్టులో ఎంతమందో!

నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో జానెడు ఎత్తున్న ఒక ఏనుగు దంతపు ఆడబొమ్మ ఉంది. మెడ నిండా హారాలు, చేతుల నిండా కడియాలు. 1938లో పాంపే తవ్వకాల్లో దొరికింది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పాంపే ఊరు బూడిదలో కూరుకుపోయింది కదా, అంటే ఆ బొమ్మ అంతకు ముందే మన దేశం నుంచి అక్కడికి చేరింది. దాని పోలికలున్న దంతపు బొమ్మ మహారాష్ట్రలోని తేర్‌లో కూడా దొరికింది. అందుకే పాంపే బొమ్మనూ దక్కన్‌లోనే చెక్కి ఉంటారని చాలామంది పండితులు అంటారు. తేర్ అంటే ఎక్కడో కాదు, మన ముంబై హైవే పట్టుకుని జహీరాబాద్ దాటి షోలాపూర్ వైపు పోతే ఆ చుట్టుపక్కలే.

ఇక మన వైపు చూడండి. సంగారెడ్డి నుంచి పది, పన్నెండు కిలోమీటర్ల దూరంలో కొండాపూర్ ఉంది. హైటెక్ సిటీ పక్కనుండే కొండాపూర్ కాదండోయ్. ఫోన్‌లో మ్యాప్ పెట్టేటప్పుడు సంగారెడ్డి జిల్లా అని చూసుకోండి, లేకపోతే తిన్నగా షాపింగ్ మాల్ ముందు దింపుతుంది. ఈ ఊరి దగ్గరున్న దిబ్బని కోటగడ్డ అంటారు. 1900 ప్రాంతంలో హెన్రీ కజెన్స్ అనే ఆయన దీన్ని గుర్తిస్తే, నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ అధిపతి గులాం యజ్దానీ 1941-42లో తవ్వించారు. రెండు వేల ఏళ్ల నాటి శాతవాహనుల పట్నం బయటపడింది. ఇళ్ల గోడలు, బౌద్ధ కట్టడాలు, వెండివి, రాగివి, సీసానివి ఎన్నో నాణేలు. వాటి మధ్య ఒక బంగారు నాణెం. దాని మీదున్నది రోమ్ చక్రవర్తి అగస్టస్ బొమ్మ.

నాణేలు అన్ని దొరకడంతో ఇక్కడ టంకశాల ఉండేదని యజ్దానీ భావించారు. నాకైతే నాణేలకన్నా మిగతా సామాను ఎక్కువ నచ్చింది. రంగురాళ్ల పూసలు, శంఖంతో చేసిన గాజులు, ఇనుప పనిముట్లు, కుండలు, పూసంత సన్నని పనితనంతో చేసిన తెల్లమట్టి బొమ్మలు. ఆ ఆడబొమ్మల జడలు, కొప్పులు చూస్తే ఇప్పటి పెళ్లికూతురు మేకప్‌వాళ్లు నేర్చుకోవాల్సినవే. ఇవన్నీ చేతిపని చేసుకుని బతికేవాళ్ల ఊరి గుర్తులు. అంటే మన ప్రాంతం ఇండస్ట్రియల్ ఏరియా అయ్యింది నిన్న మొన్న కాదన్న మాట. అప్పుడూ పొద్దున లేస్తే కొలిమి, బట్టీ, సుత్తి చప్పుడే.

ఆ సరుకు సముద్రం దాకా ఎలా పోయేది? మొదటి శతాబ్దంలో ఈజిప్టు నుంచి వచ్చిపోయే ఒక గ్రీకు వర్తకుడు రాసిన పుస్తకం ఉంది. పేరు పెరిప్లస్. పైఠాన్, తేర్ ఊళ్ల నుంచి బండ్ల మీద సరుకు భరుచ్ రేవుకి వచ్చేదని, తూర్పు తీరం వైపు నుంచి వచ్చే సరుకు కూడా తేర్‌కి చేరేదని అందులో ఉంది. భరుచ్‌లో ఓడ ఎక్కి, ఎర్ర సముద్రం దాటి, ఒంటెల మీద నైలు నదికి చేరి, అక్కడి నుంచి అలెగ్జాండ్రియాకి. ఆ పైన మధ్యధరా సముద్రం. నడిచే ఎద్దుకి తెలియదు కానీ, మన దక్కన్ సరుకుకి నేపుల్స్ అంత దూరమేం కాదు.

దీనికి రోమ్‌లో ఒకాయన తెగ బాధపడ్డాడు. ప్లినీ అని పెద్ద పండితుడు. ఏటా ఐదు కోట్ల సెస్టర్సులు భారతదేశం పట్టుకుపోతోందని లెక్క రాశాడు. సెస్టర్స్ అంటే వాళ్ల నాణెం. ఇంకోచోట అరేబియా, చైనాలను కూడా కలిపి పది కోట్లన్నాడు. ఇదంతా మన విలాసాలకీ, మన ఆడవాళ్లకీ అవుతున్న ఖర్చని వాపోయాడు. ఏ దేశమైనా, ఏ కాలమైనా, లెక్క తేలకపోతే చీరల ఖర్చు మీదికే వస్తుంది! పాపం ఆ పెద్దమనిషి వెసూవియస్ బద్దలైన ఆ విపత్తులోనే చనిపోయాడు.

పటాన్‌చెరు సంగతికి వస్తాను. కళ్యాణి చాళుక్యుల కాలపు శాసనాల్లో ఈ ఊరి పేరు పొట్టలకెరె. కెరె అంటే కన్నడంలో చెరువు. ఒకప్పుడు ఇది జైనుల కేంద్రం. ఇక్కడ దొరికిన జైన విగ్రహాలు హైదరాబాద్ స్టేట్ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడికెళ్లినప్పుడు కింద రాసిన ఊరి పేరు పిల్లల చేత చదివించండి. 1972లో ఇక్రిశాట్ వచ్చింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాలు ప్రపంచం నలుమూలల నుంచి తెచ్చి చల్లని గదుల్లో దాస్తారు. మనం రొట్టె కొట్టే జొన్నకి అన్ని వేల రకాలున్నాయంటే నమ్మబుద్ధి కాదు. లోపలికి అనుమతి తీసుకునే వెళ్లాలి.

సంగారెడ్డి పాత జైలు 1796 నాటిది. 2016లో దాన్ని మ్యూజియం చేసి, ఐదు వందలు కడితే ఒక రోజంతా ఖైదీలా ఉండొచ్చని పెట్టారు. వంట చేసి వడ్డించే పని లేకుండా ఒక రోజు కూర్చోపెడతారంటే నేను ఇంకా ఎక్కువే కట్టేదాన్ని.

మంజీరా దగ్గర మాత్రం తొందరపడకండి. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. చలికాలం పొద్దున్నే వెళ్తే రకరకాల పక్షులు, అదృష్టముంటే ఎండ కాచుకునే మొసళ్లు కనిపిస్తాయి. హైదరాబాద్‌లో ఎన్నో ఇళ్ల కుళాయిల్లోకి వచ్చిందీ ఈ నీళ్లే.

ఆ మంజీరాలోనే కలుస్తుంది నక్కవాగు. దీన్ని ఏ టూరిస్టు పుస్తకమూ రాయదు, నేను రాస్తాను. డెబ్బైల తర్వాత వచ్చిన ఫ్యాక్టరీల వ్యర్థాలు ఈ వాగులోకి, చెరువుల్లోకి చేరాయి. పంటలు పోయాయి, బావుల నీళ్లు తాగడానికి పనికిరాకుండా పోయాయి. 1990లో సంగతి సుప్రీంకోర్టుకి వెళ్లింది. డాక్టర్ అల్లాణి కిషన్‌రావు లాంటివాళ్లు ఏళ్ల తరబడి ఊళ్లవాళ్ల వెంట నిలబడ్డారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. మన పిల్లలకి జ్వరమొస్తే డాక్టరు రాసే మందులు పనిచేయకుండా పోతాయేమోనన్న భయం ప్రపంచమంతా మాట్లాడుకునేలా చేసిన పరీక్షల్లో ఇదొకటి. కోటగడ్డ మట్టిలో పూసలు, నాణేలు మిగిలాయి. మన కాలపు మట్టిని ఎవరైనా తవ్వితే ఏం దొరుకుతుందో ఈ వాగు గట్టున నిలబడితే తెలుస్తుంది. పిల్లల్ని ఇక్కడికీ తీసుకెళ్లాను. ముక్కు మూసుకున్నారు, ప్రశ్నలు అడిగారు. కొన్నిటికి నేను జవాబు చెప్పలేకపోయాను.

ఒక్క రోజులో తిరగాలంటే పొద్దున్నే మంజీరా, ఎండ ముదిరేలోగా కొండాపూర్, తిరుగు దారిలో జైలు, రుద్రారం గణేశ్ గడ్డ దగ్గర దండం. కొండాపూర్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. దిబ్బ మీద నీడ తక్కువ, గొడుగు, నీళ్ల సీసాలు పెట్టుకోండి. రొట్టెలు కట్టుకుని పోతే ఇంకా మంచిది. లోపల నాణేల అద్దాల దగ్గర అంత సేపు నిలబడితే పిల్లలకి ఆకలేస్తుంది.