రహీం సాబ్ బడి

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ ఇప్పటిదాకా స్వర్ణం గెలిచింది రెండే రెండుసార్లు: 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో. ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ ఆడింది ఒకే ఒక్కసారి, 1956లో మెల్‌బోర్న్‌లో. మూడుసార్లూ కోచ్ ఒక్కరే: హైదరాబాద్‌కు చెందిన బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వెళ్లిపోయి అరవై ఏళ్లు దాటినా ఆ ఎత్తుకు మళ్లీ ఎవరూ చేరలేదు. కారణం వెతకాలంటే ఆయన గెలిచిన కప్పుల కంటే ఆయన నడిపిన బడిని చూడాలి. ఆ బడి ఎక్కడిదాకా విస్తరించిందో, ఎక్కడ ఆగిపోయిందో కూడా చూడాలి.

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ అక్కడి జట్టుకు ఆడారు. ఆ తర్వాత కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1940ల తొలినాళ్లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యి, చనిపోయేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. అంటే పిల్లల పోటీలు పెట్టే చేయి, జట్టును తీర్చిదిద్దే చేయి ఒకటే.

ఆయన పెట్టిన పోటీల తీరే వేరు. ఒకదాంట్లో బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ పరుగెత్తకూడదు, అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో అలవాటు లేని కాలితోనే తన్నాలి. పొట్టి పిల్లలకు వేరే పోటీలుండేవి. వీటికి పెద్ద స్టేడియం, ఖరీదైన సామాను అక్కర్లేదు, ఖాళీ స్థలం, విజిల్ వేసే మాస్టారు ఉంటే చాలు. పాస్ ఇవ్వడం, రెండు కాళ్లతో ఆడటం చిన్న వయసులోనే ఒంటబట్టాలన్నది ఆయన లెక్క.

ఆ లెక్కకు ఫలితం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్‌ను వరుసగా ఐదుసార్లు గెలిచింది. 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో కలకత్తా మోహన్ బగాన్‌నే ఓడించింది. బాగా ఆడే కుర్రాడికి పోలీసు ఉద్యోగం దొరికేది, ఇంట్లో పొయ్యి వెలిగేది. బడి, బస్తీ మైదానం, పోలీసు ఉద్యోగం ఒకదానికొకటి అందుకునే మెట్లు.

దేశ జట్టుతో ప్రయాణం అంత నున్నగా సాగలేదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడింది. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతోనే ఆడారు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ సెమీస్ చేరిన తొలి ఆసియా జట్టుగా నిలిచింది. ఆ మ్యాచ్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం, వీళ్లంతా ఆ జట్టులో ఉన్న హైదరాబాద్ వాళ్లే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌ను 1-1 దగ్గర నిలువరించారు.

జకార్తాకు వచ్చేసరికి రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తలకు గాయమై డిఫెన్స్‌లో ఇబ్బంది పడుతున్న జర్నైల్ సింగ్‌ను రహీం ముందుకు జరిపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్‌లో అదే కొరియా ఎదురైంది. రాజకీయ గొడవల వల్ల స్టేడియమంతా మనమీద కత్తిగట్టింది. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు, 2-1తో స్వర్ణం మనదైంది. మరుసటి ఏడు జూన్‌లో రహీం కన్నుమూశారు.

ఆయన తర్వాత కూడా ఆ బడి పంట కొన్నాళ్లు చేతికొచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. హైదరాబాదీ నయీముద్దీన్ నాయకత్వంలో దేశం 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చింది. కానీ హబీబ్ లాంటి మేటి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బుల బాట పట్టారు, ఇక్కడ పిల్లల పోటీలు పలచబడ్డాయి. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ దగ్గర 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచింది. మూడేళ్లు తిరిగేసరికి ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. డబ్బుతో కట్టిన జట్టు డబ్బు ఎటు పోతే అటు పోతుంది.

జంట నగరాలకు దూరంగా, ఖమ్మం వైపు నుంచి చూస్తే ఈ కథలో ఇంకో లోటు కనిపిస్తుంది. రహీం బడి నుంచి వచ్చిన పోలీస్ జట్టు ఐదు రోవర్స్ కప్పులు గెలిచే కాలంలో ఖమ్మం హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది, 1953 దాకా వరంగల్ జిల్లాలో భాగం. భద్రాచలమేమో తూర్పు గోదావరిలో ఉండి, 1959లో ఖమ్మంలో కలిసింది. అక్కడ గోదావరి మీద వంతెన తెరిచిందే 1965లో, రహీం పోయిన రెండేళ్లకు. మెట్లన్నీ జంట నగరాల్లోనే ఉండటంతో అడవి అంచు పిల్లవాడికి మొదటి మెట్టే అందలేదు. ఒక్క మనిషి భుజాన నడిచిన బడి కాబట్టి ఆ మనిషి పోగానే కొత్త శాఖలు వేసేవాళ్లు కూడా లేకపోయారు.

ఇప్పుడు భద్రాచలం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కింద ఆశ్రమ పాఠశాలలున్నాయి, కిన్నెరసానిలో గిరిజన పిల్లలకు క్రీడా పాఠశాల ఉంది. 2024లో రహీం మీద ‘మైదాన్’ సినిమా వచ్చాక ఆయన పేరు మళ్లీ పదిమంది నోళ్లలో నానింది. ఆయనకు విగ్రహం కావాలని అడగడం తేలిక. ఆశ్రమ బడుల మధ్య ఏటా ఒక ‘పాస్ ఇచ్చి తీరాలి’ పోటీ, ఒక ‘ఎడమ కాలి’ పోటీ పెట్టడానికీ పెద్ద ఖర్చేం కాదు. కాకపోతే ప్రతి బడిలో నిలకడగా ఉండే పీఈటీ సారు కావాలి. దేశానికి రెండు స్వర్ణాలు తెచ్చిన కోచ్ మొదలుపెట్టిన ఉద్యోగం కూడా అలాంటిదే.