జీడిపిక్క తొక్కయు నక్షత్ర కాంతియు

పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారు బ్రెజిలునుండి పడమటి తీరమునకు తెచ్చిన జీడిమామిడి, కాలక్రమమున తూర్పుతీరమునకును చేరి, ఉద్దానపు ఇసుకనేలలో కొబ్బరికి తోడుగా వేరూని, పలాస-కాశీబుగ్గలకు పప్పుబట్టీల ఊళ్లన్న పేరు తెచ్చినది. పప్పు కీర్తి లోకమెరిగినదే. తొక్కను తలచువారు మాత్రము అరుదు.

పిక్క పగిలినపుడు తొక్కనుండి చిమ్మెడి నల్లని జిగటనూనె చర్మమును పొక్కించును. పిక్కలు కొట్టు స్త్రీలు చేతులకు ఆముదమో బూడిదయో పూసికొనుట అందుచేతనే. పడవల కొయ్యకును, రంగులకును, బ్రేకులకును పనికివచ్చు ఈ నూనెను వేడిచేసినచో కార్డనాల్ అను పదార్థము లభించును. పదునైదు కార్బను పరమాణువుల పొడవైన తోక దాని అణువునకు కలదు.

ఇట్టి పొడవైన అణువులకు వేరొక చరిత్ర యున్నది. 1888లో ప్రేగు నగరమున రైనిట్జరను వృక్షశాస్త్రజ్ఞుడు ఒక కొలెస్టరాల్ సమ్మేళనమును వేడిచేయగా, అది సుమారు 145 డిగ్రీలకడ మసక ద్రవమై, 178 డిగ్రీలు దాటినపిదప తేటపడినది. ద్రవమువలె పారుచు స్ఫటికమువలె వరుసతీరు ఈ ద్రవస్ఫటికమునకు విద్యుత్తు తగిలించిన అణువులు పక్కకు తిరుగును, లోన సాగు కాంతివేగము మారును. ఈ గుణమే నక్షత్రకాంతిని చక్కదిద్దుటకు పనికివచ్చినది.

ఉద్దానపు కడలియంచున తూర్పున పొడుచు చుక్క మిణుకుమనుట చుక్క గుణము కాదు, కదలెడి గాలిపొరల చేష్ట. ఆ పొరలు కాంతితరంగమునకు కలిగించు వక్రతను అప్పటికప్పుడే సరిదిద్దవచ్చునని 1953లో అమెరికను ఖగోళజ్ఞుడు బాబ్‌కాక్ సూచించెను. గాజుపలకల నడుమ పలుచని ద్రవస్ఫటికపు పొరను వేలకొలది చిన్నగళ్లుగా విభజించి, ఒక్కొక్క గడికి వేరువేరు విద్యుత్తునిచ్చి, ముందుకు పోయిన కాంతితరంగమును వెనుకకు నిలుపుట ఆ సూచన కొక సాధనమైనది. అయితే గాలి క్షణమునకు వందలమార్లు మారును, ద్రవస్ఫటికము అంత వడిగా తిరుగజాలదు. పైగా సాధారణముగా ధ్రువిత కాంతినే సవరించును. పెద్ద వేధశాలలలో వంగెడి దర్పణములకే నేటికిని పైచేయి.

ఇక మన తొక్క మాటకు వచ్చిన, 1990లలో తిరువనంతపురపు ప్రాంతీయ పరిశోధనాలయ రసాయనికులు తొక్కనూనెనుండి లభించు కార్డనాల్ వంటి ఫీనాళ్లనుండి ద్రవస్ఫటిక పాలిమర్లను సాధించిరి. 1973లో ఇంగ్లండున గ్రే వెలువరించిన సయనోబైఫినైళ్ల వంటి కృత్రిమ సమ్మేళనములే దూరదర్శినుల ద్రవస్ఫటికపు గళ్లలో చేరినవి గనుక, మన తొక్క నక్షత్రములను చేరినదనుట అతిశయోక్తి యగును. కాని 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తోటలను కూల్చిన ఈ ఉద్దానమున పప్పు నొక్కదానినే నమ్ముకొనరాదు. దాపుననున్న టెక్కలిలో ఇంజనీరింగు కళాశాల కలదు. అచ్చటి అధ్యాపకులు ఈ తొక్కను ప్రయోగశాలకు తీసికొనిపోవలెను.