అధ్యాపక నియామకాల్లో రోస్టర్ యూనిట్: 2006 మార్గదర్శకాల నుంచి 2019 చట్టం వరకు

వ్యాససంగ్రహం:
కేంద్రీయ విశ్వవిద్యాలయాల అధ్యాపక నియామకాల్లో రిజర్వేషన్ లెక్కకు సంస్థను ప్రాతిపదికగా తీసుకోవాలా, శాఖను తీసుకోవాలా అన్న వివాద చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చిన్న శాఖల అభ్యర్థులపై ఆ లెక్క చూపిన ప్రభావాన్ని వివరిస్తుంది.

కీలక పదాలు: అధ్యాపక నియామకాలు, రోస్టర్, రిజర్వేషన్, యు.జి.సి., తెలుగు శాఖలు.

1. ప్రవేశిక:
విశ్వవిద్యాలయ అధ్యాపక పదవికి దరఖాస్తు చేయదలచిన అభ్యర్థి నోటిఫికేషన్‌లో మొదట చూసేది తన శాఖలో ఎన్ని ఖాళీలున్నాయి, అవి ఏ వర్గానికి కేటాయించినవి అన్న అంశాలనే. అర్హతలు, పరిశోధన ప్రచురణలు, ఇంటర్వ్యూ ఆ తరువాతి మాట. ఈ కేటాయింపును నిర్ణయించే పట్టికే రోస్టర్.

2. రోస్టర్ లెక్క:
ఆర్.కె. సభర్వాల్ కేసులో సుప్రీంకోర్టు 1995లో ఇచ్చిన తీర్పు రిజర్వేషన్‌ను ఖాళీలతో కాక పోస్టులతో ముడిపెట్టింది. తదనుగుణంగా కేంద్ర ప్రభుత్వం 1997 జూలై 2న పోస్టు ఆధారిత రోస్టర్లను ప్రకటించింది. ఇతర వెనుకబడిన తరగతులకు 27 శాతం, షెడ్యూల్డు కులాలకు 15 శాతం, షెడ్యూల్డు తెగలకు 7.5 శాతం కేటాయింపు ఉన్నందున, వాటి తొలి పోస్టులు వరుసగా 4, 7, 14 స్థానాల్లో వస్తాయి. 200 పోస్టులను ఒకే యూనిట్‌గా లెక్కిస్తే ఈ వర్గాలకు 54, 30, 15 పోస్టులు దక్కుతాయి.

అవే 200 పోస్టులు శాఖకు ఐదు చొప్పున 40 శాఖల్లో ఉన్నాయనుకుందాం. శాఖే యూనిట్ అయితే తొలి నియామకాల్లో ఇతర వెనుకబడిన తరగతులకు 40 పోస్టులు వస్తాయి. షెడ్యూల్డు కులాలకు, తెగలకు ఒక్కటీ రాదు. ఐదు పోస్టుల శాఖలో పదవీవిరమణల వల్ల తొమ్మిదవ ఖాళీ ఏర్పడినప్పుడే షెడ్యూల్డు తెగల వంతు వస్తుంది. అధ్యాపకుడు మూడు దశాబ్దాలు కొలువులో ఉండగల వృత్తిలో, అది ఒక అభ్యర్థి జీవితకాలానికి అందని నిరీక్షణ.

3. వివాద క్రమం:
యు.జి.సి. 2006 మార్గదర్శకాలు విశ్వవిద్యాలయాన్నే యూనిట్‌గా గుర్తించాయి. బనారస్ హిందూ విశ్వవిద్యాలయ నియామక ప్రకటనపై దాఖలైన వివేకానంద్ తివారీ కేసులో అలహాబాద్ హైకోర్టు 2017 ఏప్రిల్‌లో ఈ పద్ధతిని తోసిపుచ్చింది. సంస్థ మొత్తాన్ని యూనిట్‌గా తీసుకుంటే కొన్ని శాఖల్లో పోస్టులన్నీ రిజర్వు కావచ్చని, మరికొన్నింటిలో ఒక్కటీ రిజర్వు కాకపోవచ్చని న్యాయస్థానం భావించింది. ఈ అభ్యంతరంలో తర్కం లేకపోలేదు. అయితే దానికి చూపిన పరిష్కారం చిన్న శాఖల్లో రాజ్యాంగబద్ధమైన వాటాను దాదాపు శూన్యం చేసింది.

2018 మార్చి 5న యు.జి.సి. శాఖను యూనిట్‌గా నిర్దేశించింది. నిరసనల నేపథ్యంలో కేంద్రం సుప్రీంకోర్టును ఆశ్రయించింది. అదే ఏడాది జూలైలో నియామకాలు నిలిచిపోయాయి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అప్పీలును కొట్టివేయగా, మార్చి 7న ఆర్డినెన్సు, జూలైలో కేంద్రీయ విద్యాసంస్థల (అధ్యాపక కేడర్‌లో రిజర్వేషన్) చట్టం వచ్చాయి. ప్రత్యక్ష నియామకాలకు సంస్థ మొత్తాన్నీ ఒకే యూనిట్‌గా పరిగణించాలని ఈ చట్టం శాసించింది.

4. తెలుగు శాఖల సందర్భం:
హైదరాబాద్ విశ్వవిద్యాలయం, బనారస్ హిందూ విశ్వవిద్యాలయం వంటి కేంద్రీయ సంస్థల తెలుగు శాఖల్లో ఒక్కో కేడర్‌లోని పోస్టులు పరిమితం. శాఖే యూనిట్ అయితే తెలుగులో పరిశోధన చేసిన గిరిజన అభ్యర్థికి రిజర్వుడు పోస్టుకు దరఖాస్తు చేసే అవకాశమే ఉండదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఈ చట్ట పరిధిలోకి రావు. అక్కడ రాష్ట్ర నిబంధనలే వర్తిస్తాయి.

5. ముగింపు:
2019 చట్టం ఒక సంస్థలో ఏ వర్గానికి ఎన్ని పోస్టులన్న ప్రశ్నకు సమాధానమిచ్చింది. ఆ పోస్టు ఏ శాఖకు చేరుతుందన్నది మాత్రం సంస్థ నిర్వహించే రోస్టర్‌పైనే ఆధారపడి ఉంటుంది. కనుక ప్రతి నోటిఫికేషన్‌తోపాటు రోస్టర్‌ను బహిరంగపరచడం అవసరం. ప్రతిభను తూచే దశకు ముందే అవకాశాన్ని నిర్ణయించే ఈ పట్టిక దరఖాస్తుదారునికి తెలియకుండా ఉండరాదు.