గుడ్డు కొత్తది, బాన పాతది

కొరియా వాళ్ళ గుడ్ల వంటకం ఒకటుంది. పేరు ‘మాయక్ గేరాన్’. మాయక్ అంటే మత్తుమందు, గేరాన్ అంటే కోడిగుడ్డు. కంగారు పడకండి, అందులో మత్తూ లేదు, మందూ లేదు. ఒకటి తింటే రెండోదానికి చెయ్యి దానంతటదే వెళుతుందని పెట్టిన పేరు. తిండి పేర్లలో ఆ మాట వద్దని 2024 నుంచి అక్కడి ప్రభుత్వం వ్యాపారులకు హితవు చెబుతోంది లెండి.

చేయడం చిటికెలో పని. మరిగే నీళ్ళలో గుడ్లు ఆరేడు నిమిషాలుంచి, చన్నీళ్ళలో వేసి, పెంకు తీయాలి. తెల్లసొన గట్టిపడాలి, పచ్చసొన జారుతూ ఉండాలి. సోయా సాసు, నీళ్ళు సమంగా కలిపి, కాస్త పంచదార కరిగించి, ఉల్లిపాయ, ఉల్లికాడ, వెల్లుల్లి, పచ్చిమిరప తరుగు, వేయించిన నువ్వులు వేయాలి. అందులో గుడ్లు ముంచి ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడు వేడన్నంలో ఒక గుడ్డు చిదిపి, రెండు చెంచాల ఊట, నాలుగు చుక్కల నువ్వుల నూనె వేసుకుంటే చాలు. మూడు రోజుల్లో తినెయ్యాలి సుమా!

మొదటిసారి నేను చేస్తే ఉప్పు కషాయమైంది. సీసాలో సాసే కదా అని నీళ్ళు కలపకుండా ఒంపేశాను. ఆ ‘సాసే కదా’ అన్న చులకనే నాచేత దాని కథ చదివించింది.

పేరు నిన్నమొన్నటిదే గాని, మాంసమూ గుడ్లూ సోయా సాసులో ఉడికించి నిలవ చేసుకునే ‘జాంగ్‌జోరిమ్’ పాతదే. సోయా సరుకు ఇంకా పాతది. 683లో సిల్లా రాజు సిన్‌మున్ పెళ్ళికూతురి ఇంటికి పంపిన కానుకల్లో బియ్యం, నూనె, తేనెలతో పాటు పులియబెట్టిన సోయా ‘జాంగ్’ కూడా ఉందని 1145లో పూర్తయిన ‘సంగుక్ సాగి’ చెబుతుంది. రాజుగారి కానుకలో చోటు దొరికిందంటే ఎంత విలువో చూడండి!

దాని తయారీ మాత్రం చిటికెలో పని కాదు. సోయా గింజలు ఉడకబెట్టి, దంచి, ఇటుకల్లా చేసి, వరిగడ్డితో కట్టి వేలాడదీస్తారు. అవి పులిసి ఎండాక పెద్ద బానల్లో ఉప్పునీళ్ళు పోసి నానబెడతారు. పైన బొగ్గు, ఎండుమిరపకాయలు వేస్తారు. కొన్ని వారాలకు తేరిన నీరు సోయా సాసు, మిగిలిన ముద్ద ‘దోయెన్‌జాంగ్’. ఎండ వస్తే మూత తీయాలి, వాన వస్తే పరుగెత్తి మూయాలి. చెడు సోకకుండా బానకు గడ్డితాడు కట్టి, కాగితపు మేజోడు తలకిందులుగా అంటిస్తారు. జాంగ్ రుచి మారితే ఇల్లు చెడుతుందని వాళ్ళ సామెత. మరి రుచి మారితే మాటలు పడేది ఎవరో నేను చెప్పాలా?

జపాను పాలన (1910–45) నాటికి ఫ్యాక్టరీ సాసు వచ్చింది. తరవాత అపార్ట్‌మెంట్లు పెరిగి బానలుంచే పెరడు కరువైంది. చాకిరీ తగ్గింది, సంతోషమే. కానీ ఆ చాకిరీతో పాటు, బాన వాసన చూసి లోపలి సంగతి చెప్పగల నేర్పూ పోతే ఎలా? 2024 డిసెంబరులో యునెస్కో ఈ జాంగ్ తయారీని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఇన్ని తరాల ఆడవాళ్ళ పెరటి పనికి పేరు రావడానికి ఇంతకాలం పట్టింది!

ఇప్పుడు నేనూ సీసా సాసే వాడుతున్నాను. కాకపోతే కొలిచి పోస్తున్నాను.